అంజలమ్మ చంపిన మీసాలాయన

తమిళనాట పోదనూరు పక్కన, మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో అంజలమ్మకు రెండు ఉద్యోగాలు. పగలు మిల్లులో తెగిన నూలుపోగులు అతకడం, మంగళవారం సాయంత్రం యూనియన్ ఆఫీసులో తెగిన కథ అతకడం. జీతం మొదటిదానికి; గౌరవం రెండోదానికి.

ఎనభయ్యేడులో లైన్లన్నిటికీ ఒకటే టీవీ, అది యూనియన్ ఆఫీసులో. మంగళవారం సీరియల్ హిందీలో వచ్చేది. చూసే డెబ్బైమందికీ హిందీ రాదు. అంజలమ్మకూ రాదు, ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. పెళ్ళికి ముందు ఆరు నెలలు బొంబాయిలో పిన్నమ్మ ఇంట్లో ఉంది గనక వచ్చే ఉంటుందని లైన్లవాళ్ళు తీర్మానించారు. పెద్దల తీర్మానాన్ని కాదనడం మర్యాద కాదని ఆమె ఊరుకుంది. అంతవరకూ మొగుడి పేరుతో 'ముని పెళ్ళాం'గా బతికిన మనిషి, టీవీ పక్కన స్టూలెక్కి ఇంటి తెలుగులో కథ చెప్పసాగాక 'కథక్క' అయింది.

ఆమె శాస్త్రం చిన్నది. తెరమీద ఎవరైనా పాలు తాగబోతే అందులో విషం ఉంటుంది. తలుపు తెరుచుకుంటే, వచ్చిందెవరో వెంటనే చెప్పకూడదు. చివర పేర్లు పడేలోగా ఒక ఉత్తరం దొరకాలి. అది విప్పడం వచ్చే వారం.

కిందటి మంగళవారం సీరియల్లోని మీసాలాయన తెరమీదికి రాలేదు. అంజలమ్మ తన కథలో ఆయన్ని ఇక్కడి బోడి ఘాటు కొండదారిలో జీపుతో సహా లోయలో పడేసింది. ఢిల్లీ కథలోకి బోడి ఘాటు ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగే తీరిక ఏది, అందరూ ఏడుస్తుంటే!

ఈ మంగళవారం ముందు కుర్చీలో కొత్తాయన కూర్చున్నాడు. పేరు రత్నసభాపతి, రిటైరైన రైలు గార్డు, ముప్పై ఏళ్ళు నాగపూరులో ఉండి వచ్చినవాడు. హిందీ మంచినీళ్ళు తాగినట్టు మాట్లాడతాడట. స్టూలెక్కుతుండగా ఆ మాట అంజలమ్మ చెవిన పడింది. ఇవాళ్టితో మళ్ళీ ముని పెళ్ళామే!

అంతలో తెరమీద తలుపు తెరుచుకుంది. మీసాలాయన లోపలికొచ్చి, కూర్చుని, టీ తాగసాగాడు.

"ఏమక్కా!" జనంలోంచి వీరాయి కేకేసింది. "సచ్చినోడు టీ తాగతాడే!"

గది గదంతా లేచి నిలబడింది.

"కూచో అమ్మే!" అంజలమ్మ గొంతు ఎక్కడినుంచి ఊడిపడిందో! "ఏ చేత్తో తాగతాడో చూసినావా? ఎడం చేత్తో! పోయినోడు కుడిచేత్తో కదా తాగేది?"

డెబ్బై తలలు ఆలోచించాయి. అవును, కుడిచెయ్యే!

"తమ్ముడు! కవలోడు! ఆస్తి కోసరం అన్న మాదిరి మీసం పెంచుకోని వచ్చినాడు!"

"అడ పావీ, పాపిష్టోడా!" పళనిసామి బెంచీ ఎక్కాడు. ఎవరిదో చెప్పు ఎగిరి కిటికీలో పడింది. ఆ గోలలో తెరమీద ఎవరో దిండు సర్దారు. అంజలమ్మ చప్పున దానికింద ఒక ఉత్తరం పెట్టేసింది.

పేర్లు పడుతుండగా కరుప్పన్‌కు అనుమానం వచ్చింది. "గార్డయ్యకు హిందీ వస్తాదే! అయ్యా, మీరు చెప్పండి. వాడు తమ్ముడేనా?"

డెబ్బై తలలూ గార్డువైపు తిరిగాయి. అంజలమ్మ స్టూలు దిగడానికి ఒక కాలు కిందపెట్టింది.

రత్నసభాపతి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "తమ్ముడే," అన్నాడు గంభీరంగా. "చూపులోనే తెలియలా, దొంగ నాయాలు!"

జనం వెళ్ళాక వరండాలో అంజలమ్మ ఆయన్ని ఆపింది. "అణ్ణా, నిజానికి ఏమన్నాడు వాడు?"

"కొళాయి కారతా ఉందంట, మనిషిని పిలిపించమన్నాడు. మొత్తం అదే."

"మరి మీరు..."

"కొళాయి నాకేల తల్లీ! ఆ దిండు కింద ఉత్తరం రాసిందెవరు? ముందు అది చెప్పు!"

అంజలమ్మ కొంగు సర్దుకుంది. నడుము నిటారైంది.

"స్టూలెక్కకుండా కథ చెప్పే అలవాటు లేదణ్ణా," అంది కథక్క.