ఐసు లారీ ఆగిన కాలవ గట్టు

నేను పాఠాలు చెప్పే స్కూలు నరసాపురంలో ఉంది. మా ఇల్లు మొగల్తూరు దాటి లోపలికి వెళ్ళాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో. ఆ చుట్టుపక్కల పిల్లల్ని తీసుకెళ్ళే స్కూలు వ్యానులోనే నేనూ వెళ్ళి వస్తుంటాను. ముందు సీట్లో కూర్చుని పిల్లల్ని ఎక్కించడం, దించడం, కిటికీల్లోంచి చేతులు బయట పెట్టకుండా చూడడం ఎవరూ అప్పజెప్పకుండానే నా పని అయిపోయింది.

మా దారి కాలవ గట్టు మీద. పట్నం వైపు వెళ్తుంటే ఎడం పక్క కాలవ, కుడి పక్క రొయ్యల చెరువులు. నా చిన్నప్పుడు ఆ చెరువుల చోట వరి చేలు ఉండేవి, గట్టు మీద సైకిళ్ళు, ఎడ్లబళ్ళు తిరిగేవి. చెరువులు వచ్చాక మేత లారీలు, ఐసు లారీలు, రొయ్యల్ని ఎగుమతికి పట్టుకెళ్ళే కంటైనర్లు అదే గట్టెక్కాయి. గట్టు మాత్రం పెరగలేదు. తారుకి రెండు వైపులా మట్టి జారిపోయి, చక్రం కిందికి దిగితే బండి ఒరిగిపోయేటట్టు ఉండేది. ఎదురెదురుగా రెండు పెద్ద బళ్ళు వస్తే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిందే. కాలవలో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని ఉండడంతో కొత్తవాళ్ళకి అక్కడ నీళ్ళున్నాయనే అనిపించదు. మాకు తెలుసు. ఆ కాలవలోంచి పైకి తీసిన మోటారు సైకిళ్ళని చూస్తూనే పెరిగాం.

వ్యాను నడిపేది మా ఊరాయనే, నాకు వరుసకు బాబాయి. ఎదర లారీ కనపడితే ఆయన హారన్ మోగించరు. బండి ఆపి, అవతలి డ్రైవరు మొహం చూసి, ఎవరు వెనక్కి వెళ్ళాలో చేత్తోనే తేల్చుకుంటారు.

తుపాను తగ్గి స్కూళ్ళు తెరిచిన రోజు పొద్దున అది జరిగింది. వాన సన్నగా పడుతూనే ఉంది. ఎదురుగా నిండా ఐసు వేసుకున్న లారీ వచ్చి ఆగింది. అంత బరువుతో తడి గట్టు మీద అది వెనక్కి వెళ్ళలేదు. మా వెనకేమో ఒక ఆటో వచ్చి ఆగి ఉంది. బాబాయి వ్యానుని కాలవ వైపుకి కొంచెం జరిపి, రమ్మని చెయ్యి ఊపారు. లారీ మెల్లగా మమ్మల్ని రాసుకుంటూ కదిలింది. సగం దాటిందో లేదో, మా ఎడం చక్రాల కింద మట్టి మెత్తగా దిగిపోయింది.

వ్యాను కాలవ మీదికి ఒరిగింది. పిల్లలు, సంచులు, క్యారేజీలు అన్నీ ఎడం పక్కకి జారాయి. నా తలుపు అద్దానికి నేను ఆనుకుపోయాను. అద్దం అవతల నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా గుర్రపుడెక్క పువ్వులే కనిపించాయి. పిల్లల ఏడుపులు విని వెనక్కి తిరగాలన్నా భయం వేసింది. తిరిగితే ఆ కాస్త బరువుకే పడిపోతామేమో అనిపించింది.

లారీ డ్రైవరు తన బండిని అక్కడే ఆపేశాడు. ముందుకి వెళ్ళిపోయి దిగొచ్చు, చాలామంది అదే చేస్తారు. అతను కిందికి దూకి అరిచాడు.

"డ్రైవరు గారూ, బ్రేకు మీద కాలు తియ్యకండి! మేడమ్ గారూ, పిల్లల్ని ఇటు పక్కకి జరపండి. నెమ్మదిగా, నెమ్మదిగా!"

ఆ మాటలతో నాకు గొంతు వచ్చింది. "పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఎవరూ లేవద్దు. కూర్చునే కుడి పక్కకి జరగండి" అన్నాను. నా గొంతు అంత మామూలుగా ఎలా పలికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పిల్లలు క్లాసులో చెప్పినట్టే విన్నారు.

ఈలోగా అతను లారీ మీద కప్పిన బరకానికి కట్టుకునే మోకుతాడు విప్పి, మా వ్యాను పైనున్న ఇనుప చట్రానికీ తన లారీకీ కలిపి బిగించాడు. ఐసు బరువుతో ఉన్న లారీ మమ్మల్ని పట్టుకుని నిలబడింది. తర్వాత వెనక తలుపు తెరిచి పిల్లల్ని ఒక్కొక్కరినే అందుకున్నాడు. ఆటో అతను వాళ్ళని చేతులు మార్చుకుని దూరంగా నిలబెట్టాడు. చివరికి నన్ను సీట్ల మధ్యలోంచి పాకించి బయటికి లాగారు. బాబాయి అందరికన్నా ఆఖరున దిగారు. దిగగానే పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. ఒక పాప మోచెయ్యి గీరుకుంది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆటో అతను ట్రాక్టరు కోసం వెళ్ళాడు. అది వచ్చి వ్యానుని లాగేదాకా లారీ కదలడానికి లేదు. డ్రైవరు ఫోను మోగుతూనే ఉంది. ఎక్కడో చెరువులో రొయ్యలు పట్టేశారు, ఐసు కోసం ఎదురుచూస్తున్నారు.

"ఆయ్, తెలుసండి. ఇక్కడ స్కూలు వ్యాను ఒరిగిపోయిందండి. నా బండికి కట్టి ఉందండి. నన్ను తిట్టుకోండి పర్లేదు గానీ, ముందు ఇంకో బండి పిలిపించుకోండి" అంటున్నాడు. లారీ కింద నుంచి కరిగిన నీళ్ళు ధారగా కారుతున్నాయి.

కుడి పక్క చెరువు గలావిడ గొడుగు వేసుకుని పరుగున వచ్చింది. పెద్దావిడ. "పిల్లలు తడిసిపోతున్నారమ్మా, లోపలికి తీసుకురండి" అని మోటారు షెడ్డులోకి తీసుకెళ్ళి, ఇంటి నుంచి తువ్వాళ్ళూ వేడి పాలూ తెప్పించింది. మోచెయ్యి గీరుకున్న పాపని చంకలోంచి దించనే లేదు. తల్లిదండ్రులు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళేదాకా షెడ్డు వాకిట్లోనే నిలబడింది.

తర్వాత చాలా రోజులు నేను ముందు సీట్లో కూర్చోలేకపోయాను. బాబాయి ఆ సీట్లో సంచులు పెట్టి నడిపారు.

ఒకరోజు ఆ చెరువు గలావిడ వ్యానుకి అడ్డం వచ్చి ఆపింది. "మీ వ్యాను ఒరిగిన ఆ చోటు చూస్తుంటే అన్నం సయించట్లేదమ్మా టీచరమ్మా. ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యాక నా చెరువు మూల పూడ్చేయిస్తాను. రెండు బళ్ళు తప్పుకునేంత జాగా వస్తుంది కదా" అంది. పక్కనే ఉన్న ఆవిడ మరిది గారు విసుక్కున్నారు. "చెరువు వంకరైపోతుంది వదినా, రొయ్యలు సరిగ్గా పెరగవు" అన్నారు.

"ఆ మూలకి వెళ్ళకపోతే ఈ మూలన తిరుగుతాయిలేవయ్యా రొయ్యలు" అందావిడ. నాకు ఆ రోజు తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

అన్నట్టే చేసింది. చెరువు ఎండగట్టాక ఆ మూల మట్టి పోయించింది. సంగతి ఐసు లారీ డ్రైవరుకి తెలిసి, తోటి డ్రైవర్లకి చెప్పాడు. ఖాళీగా తిరిగొచ్చే లారీల్లో వాళ్ళు గ్రావెలు తెచ్చి దిమ్మరించారు. ఆ జాగాలో బళ్ళు ఆగి తప్పుకోవడం చూసి, ఇంకాస్త ముందు ఇంకో రైతు కూడా తన చెరువు మూల ఇచ్చాడు. డ్రైవర్లు, మా బాబాయి కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. వ్యాను గట్టెక్కగానే బాబాయి అందులో ఒక మాట పెడతారు, పెద్ద లారీలు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగుతాయి. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. వాళ్ళలో వాళ్ళు అనుకున్న మాట అది.

ఇంజనీర్లు కొలతలు వేసుకుని వెళ్ళింది ఆ తర్వాతే. పనులు మొదలై, ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. మొత్తానికి గట్టు వెడల్పయింది. కాలవ వైపు రక్షణ గోడ లేచింది, దాని మీద ఇనుప కమ్మీలు, చీకట్లో మెరిసే రేకులు వచ్చాయి. ఆవిడ పూడ్చిన మూల ఇప్పుడు రోడ్డులో కలిసిపోయింది. చెరువు మాత్రం వంకరగానే ఉంది, రొయ్యలు బాగానే పెరుగుతున్నాయి. ఒకసారి పళ్ళు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మేత బస్తాల లెక్క గురించి ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. నేను చెప్పాలనుకున్నది సగం కూడా వినకుండా, "ఉండమ్మా, కూరకి రొయ్యలు ఇస్తాను" అని లోపలికి వెళ్ళింది.

ఐసు లారీ ఎదురైతే ఇప్పటికీ చెయ్యి ఊపుతాను. కొన్నిసార్లు లోపల అతను ఉండడు, వేరే ఎవరో ఉంటారు. వాళ్ళూ ఊపుతారు.

ఈ ఏడు కొత్తగా చేరిన ఒక పిల్లాడి తల్లి వ్యాను దగ్గర నన్ను అడిగింది: "ఈ రోడ్డు మీద లారీలు ఎక్కువంట కదండీ. భయం లేదు కదా?"

"భయం లేదమ్మా. కాలవ లాకుల దగ్గర మలుపులో ఇంకా గోడ కట్టలేదు, అక్కడ మాత్రం మా బాబాయి బండి ఆపి చూసి గానీ తిప్పరు" అన్నాను. ఆవిడ పిల్లాణ్ణి నా చేతికి అందించింది.