వేళ కాని వేళ భోంగా

ఆఫీసులో పక్క బల్ల దగ్గర ఎవరైనా సంత్రా పండు ఒలిచారంటే నాకు గుర్తొచ్చేది చంద్రపూర్ చలికాలం. బొగ్గు కుంపట్ల పొగ మంచులో కలిసి మా బాబుపేట్ ఇళ్ల కప్పుల మీద దట్టంగా దిగిన ఉదయాలు, వేడి జొన్నరొట్టె మీద అమ్మ చల్లే నువ్వుల పొడి, మా కిరాణా దుకాణం ముందు గోనెల మీద కూర్చుని నాన్న చదవమన్న మరాఠీ పేపరును గొణుగుతూ చదివే నేను. గొంతు పెంచడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

అప్పుడు ఏడో తరగతి. గల్లీలోకి కేబుల్ టీవీ తీగ కొత్తగా వచ్చింది, మూల మీద ఎస్టీడీ బూత్ తెరిచారు. ఆ చలికాలమే, బొగ్గు గనిలో దెబ్బలు తగిలి మంచం పట్టిన వాళ్ల కుటుంబాల కోసం పేట పెద్దలు ఒక పరుగు పందెం పెట్టారు. పరిగెత్తే ప్రతి పిల్లా ఒక సేరు బియ్యమో జొన్నలో తెచ్చి బడి ముందు పెట్టిన బస్తాల్లో పోయాలి. తర్వాత లాల్‌పేట్ గని గేటు దాకా వెళ్లి తిరిగి రావాలి.

ఆడపిల్లల పందెంలో మా క్లాసు పోసక్కే గెలుస్తుందని అందరికీ తెలుసు. లాల్‌పేట్ నుంచి బడికి ఆమె ఏనాడూ నడిచి రాలేదు, పరుగే. వాళ్ల నాన్న గనిలో లోడర్. "మొదటొస్తె ఎనిమిదిల ఏపిస్త, లేకుంటె ఇంటికాడ తమ్ముని సూస్కో" అన్నాడట నవ్వుతూనే. ఆయన నవ్వుతూ అన్న మాట కూడా తప్పడని మాకు తెలుసు.

గని సైరన్‌ను మేం భోంగా అనేవాళ్లం. షిఫ్టు మారేటప్పుడు మోగితే గడియారాలు సరిచేసుకునేవాళ్లు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం లోపల ఏదో జరిగిందని అర్థం. లాల్‌పేట్ ఆడవాళ్లు పొయ్యిలో నీళ్లు చల్లి, సగం కాలిన రొట్టెను పెనం మీదే వదిలి గేటు దగ్గరికి చేరేవాళ్లు. బళ్లో పిల్లలు అడక్కుండానే లేచి వెళ్లిపోయేవాళ్లు, పంతుళ్లు ఆపేవాళ్లు కాదు.

పందెం రోజు పొద్దున ఒక పెద్దమనిషి మైకులో మరాఠీలో చెప్పాడు: సరిగ్గా ఎనిమిదిన్నరకు, పరుగు ముగిసే వేళకు, పిల్లల గౌరవార్థం భోంగా మోగిస్తారు, లాల్‌పేట్‌లో నిన్ననే డప్పు చాటింపు వేయించాం, ఎవరూ భయపడొద్దు. పోసక్క ముందురోజు రాజురాలో అమ్మమ్మ ఇంట్లో ఉంది. మైకు ఆగాక, బియ్యం మూటతో బస్సు దిగి నేరుగా వచ్చింది. భోంగా సంగతి చెబుదామని దగ్గరికి వెళ్లాను.

"ఏందే, పుస్తకాల పురుగు గూడ ఉరుకుతదా?" అంది పోసక్క.

"ఉరుకుత."

"నా ఎనుకనే ఉండు. ముందుకొస్తె జెడ వట్టి గుంజుత."

నేను నవ్వి అసలు మాట చెప్పేలోగా ఈల వేశారు.

బొగ్గు లారీలు రేపిన దుమ్ములో, వాకిళ్లలో బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల మధ్య నుంచి, గేటు తాకి తిరిగి వస్తూ చూసుకుంటే, ఆమె వెనుక రెండో మనిషిని నేనే. నాకే నమ్మకం కలగలేదు. బడి ముందు కట్టిన రంగు కాగితాలు కనబడుతున్నాయి. అప్పుడు భోంగా మోగింది.

పోసక్క ఆగింది. ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, ఉత్త కాళ్లతో నా వైపే పరిగెత్తుకొచ్చింది.

"నాయిన లోపలున్నడే" అంది, నా భుజం రాసుకుంటూ దాటిపోతూ.

'అది మన కోసమే మోగింది' అని నేనంటే చాలు. ఊపిరి ఉంది, ఆమె చెయ్యందేంత దూరంలోనే ఉంది. నలుగురిలో రోడ్డు మీద అరవడానికి సిగ్గుపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె వెళ్లగానే నా ముందు రోడ్డు ఖాళీగా కనబడింది. అది నాకు నచ్చింది.

మొదట వచ్చానని నాకొక స్టీలు డబ్బా, ఒక సంత్రా ఇచ్చారు. ఒక తొన నోట్లో పెట్టుకుని, మిగతా సంత్రాను డబ్బాలో పెట్టి మూత వేశాను.

సాయంత్రం పోసక్క వాళ్ల నాన్న మా దుకాణానికి వచ్చాడు. ముఖమంతా వెలుగు. "నేను సచ్చిన్ననుకొని పందెం ఇడిసిపెట్టి ఉరికొచ్చింది సేటూ, నా బిడ్డ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆమె కోసం బెల్లం పల్లీపట్టీ కట్టించుకున్నాడు. ఎనిమిదో తరగతి మాట మా నాన్నే ఎత్తితే, "మొదట రాలె గద" అన్నాడు నెమ్మదిగా. నేను తక్కెడ వెనుకే నిలబడి ఉన్నాను. ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిచాక మా బెంచీ మీద ఆమె చోటు ఖాళీగా ఉండిపోయింది.

ఆ పందెం మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఆ భోంగా ఇప్పుడు లేదు. షిఫ్టు వేళలకు చేతిలో ఫోన్లున్నాయి. తట్టతో బొగ్గెత్తే లోడర్లూ తగ్గిపోయారు.

మొన్న మాజ్రి స్టేషన్‌లో పోసక్క కనబడింది, చంకలో ఒకరు, వేలు పట్టుకుని ఒకరు. "మీ అమ్మను ఓడగొట్టింది ఈమెనే" అని పిల్లలకు నన్ను చూపించి నవ్వింది. ఈసారైనా చెప్పాలని నోరు తెరిచాను.

"ఆ దినం భోంగా మోగినప్పుడు నేను..."

"నువ్వెందుకు ఆగుతవే?" అంది, పెద్దవాడి ముక్కు కొంగుతో తుడుస్తూ. "మీ నాయిన దుకాన్ల కూసుండె గద."

బండి వచ్చింది. పిల్లల్ని ఎక్కించడానికి చెయ్యందిస్తూ, అవునన్నాను.