ఒక పురుగుకు ఒక ముద్ద

ఫోను మాటిమాటికీ ఆగిపోతోందని నిన్న నారాయణగూడలో ఒక షాపుకు తీసుకెళ్లాను. షాపతను నా ఫోటోలు పైకి తోస్తూ పోయి, ముఖం అదోలా పెట్టి, "అంకుల్, గిన్ని పురుగులేంది? ఇవన్ని తీసేస్తే ఫోన్ మంచిగైతది" అన్నాడు. మనవల బొమ్మలు ఉండాల్సిన చోట మిడతలూ చీమలూ కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, అతని తప్పేం లేదు. అయినా ఫోను లాక్కున్నంత పని చేసి బయటపడ్డాను. చిక్కడపల్లి దాకా నడిచేసరికి రెండుసార్లు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

అవన్నీ మా అక్క కోసం తీసినవి. అక్క బళ్లో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైంది. బావ పోయిన దగ్గర్నుంచి అశోక్‌నగర్‌లో మా దగ్గరే ఉండేది. మాది మూడు వైపులా అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న ఒంటి అంతస్తు ఇల్లు. ముందు కాస్త మట్టినేల, ఒక కరివేపాకు చెట్టు, ఒక నిమ్మచెట్టు, ఎవరూ నాటని బోలెడు గడ్డి. చుట్టూ సిమెంటు సముద్రమనీ, మనది దీవి అనీ అక్క అనేది.

పోయినేడు వానలకు ముందు అక్కకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక అన్నం మానేసింది. తింటేనే మనిషి దక్కుతుందని, ఇక తన చేతిలో ఏమీ లేదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మా ఆవిడ పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, బతిమాలి బతిమాలి, చివరికి ఆ కంచంతోనే వంటింట్లోకి పోయి ఏడ్చేది. నేనైతే అరిచాను. మంచానికి అతుక్కుపోయిన మనిషి మీద, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి మీద నోరు చేసుకున్నాను.

ఒక ఉదయం కిటికీ చువ్వ మీద గొల్లభామ వాలింది. ముందుకాళ్లు రెండూ జోడించుకుని తల అటూ ఇటూ తిప్పుతోంది. అక్క అటు చూడటం గమనించి, గబగబా ఫోటో తీసి, పెద్దది చేసి ఆమె ముందు పెట్టాను. "మా హెడ్‌మాస్టరమ్మ లెక్కనే ఉన్నది. దండం పెట్టుకుంటనే కొరుకుతది" అని నవ్వింది. నవ్వడానికి నోరు తెరిచిందో లేదో మా ఆవిడ ముద్ద పెట్టేసింది.

ఆ రోజుతో ఒప్పందం కుదిరింది. ఒక పురుగుకు ఒక ముద్ద. మన వాకిట్లోదే అయ్యుండాలి, ఒకసారి చూపిందాన్ని మళ్లీ చూపకూడదు. అరవైకి దగ్గర పడినవాణ్ని, లుంగీ ఎగగట్టి గడ్డిలో బోర్లా పడుకుంటే, బాల్కనీల్లో బట్టలారేసే ఆడవాళ్లు ఆరేయడం మానేసి చూసేవారు. కాకి రెట్టలా కనిపించే గొంగళిపురుగుకు అక్క రెండు ముద్దలు తింది, అంత నచ్చింది. తొలి వానకు ఆరుద్ర పురుగు దొరికింది, ఎర్రటి మఖమల్ ముక్కే. గంతులేసుకుంటూ తెచ్చి చూపించాను. అక్క కళ్లజోడు సర్దుకుని, "కాళ్లు లెక్కపెట్టు. ఎనిమిదున్నయి. పురుగుకు ఆరే ఉంటయి. ఇది సాలీడు జాతి. దీనికి ముద్ద లేదు" అంది. అంత ఖచ్చితంగా కాదన్నందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను. రెండు ముద్దల మనిషి పూటకు పది ముద్దల దాకా వచ్చింది.

అంతలో పక్క అపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి డెంగీ వచ్చింది. అక్కకు వస్తే తట్టుకోలేదని డాక్టరు అన్నాడు. ఆ సాయంత్రమే దోమల పొగ కొట్టే అతను మా గల్లీలోకి వచ్చాడు. నేనే గేటు బార్లా తెరిచాను.

"అన్నా, జర లోపల గూడ కొట్టు. చెట్ల సందుల్ల, గడ్డిల, ఏం ఇడ్వకు."

"గంత కొడితె దోమలే కాదు సార్, అన్ని చస్తయి."

"చావనీ" అన్నాను.

మర్నాడు వాకిట్లో చీమ కూడా లేదు. ఆకులన్నీ తిప్పి చూశాను, కుండీలెత్తి చూశాను. లోపల మా ఆవిడ అన్నం కలుపుకుని కూర్చుంది. గోడ మూల ఒక పెంకుపురుగు వెల్లకిలా పడి ఉంది. సూదితో దాని కాళ్లు విడదీసి, నిమ్మాకు మీద నిలబెట్టి ఫోటో తీశాను.

అక్క చాలాసేపు చూసింది. "కాళ్లు అయిదే ఉన్నయి. చచ్చినదాన్ని నిలబెట్టినవా, చిన్నోడా?"

మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చేశాను, పొగ సంగతంతా చెప్పేశాను. అక్క నా తల మీద చెయ్యేసింది. "నా కోసమే కొట్టిచ్చినవ్, నాకెర్కే. దొరకకపోతె దొరకలేదని చెప్పు. నాకు అబద్ధం చెప్పకు" అంది.

నా కోసమని ఆ పూట నోరు తెరిచింది. ముద్ద లోపలికి పోలేదు. తర్వాతి రోజుల్లోనూ అంతే, మా మొహాలు చూసి నోరు తెరిచేది, మింగలేక తుడిపించుకునేది. తెల్లారగానే "వచ్చినయా?" అని అడిగేది. "ఇంకా రాలేదక్కా" అనేవాణ్ని. చివరి రెండు రోజులు అడగలేదు.

పొగ కొట్టిన పదిహేనో రోజు కరివేపాకు కొమ్మ మీద చీమల బారు కనిపించింది. చేయి అలవాటు కొద్దీ జేబులోకి పోయింది. ఫోటో తీసి, అది పట్టుకుని గదివైపు నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, అక్క పోయి నాలుగు రోజులైందని. పొగకూ అక్క పోవడానికీ సంబంధం లేదన్నాడు డాక్టరు. మా ఆవిడా అదే అంటుంది. అయ్యుండొచ్చు. అందరి లెక్కలో ఏడాది దాటిపోయింది, నేను మాత్రం ఆ నాలుగు రోజులు ఇంకా దాటలేదు.