మా అమ్మ చేతి బోణీ

మా మార్కాపురం బజారులో బోణీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. దుకాణం చెక్కలు తీసి, వాకిట నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదొత్తి వెలిగించాక, మొదట వచ్చిన మనిషి చేతి డబ్బును కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసేదాకా ఏ వర్తకుడికీ ఊపిరాడేది కాదు. ఆ మొదటి మనిషి చెయ్యి మంచిదైతే సాయంత్రానికి సరుకు ఖాళీ. కాకపోతే ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. బోణీకి అరువు ఉండదు. 'లేదు' అనే మాట ఉండదు. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం అసలే ఉండదు. గిట్టినా గిట్టకపోయినా ఇచ్చి పంపాల్సిందే.

మా అమ్మది మంచి చెయ్యి. ఈ సంగతి ఊరికి ఎలా తెలిసిందంటే, నేను పుట్టకముందు ఒకనాడు తెల్లవారుజామున అమ్మ కిరాణా దుకాణానికి వెళ్లి అరవీశె బెల్లం కొన్నదట. ఆ రోజు పొద్దుగూకేలోగా దుకాణంలో ఉన్న బెల్లమంతా అమ్ముడైపోయిందట. ఆ రోజు సంత అనీ, పక్క ఊళ్లో తిరునాళ్లకు వెళ్లే జనం ఎగబడి కొన్నారనీ మా నాయన నవ్వుతూ అనేవాడు. ఆయన మాట ఎవరు వింటారు? ఆనాటి నుంచి ఆ దుకాణదారు మా అమ్మను 'చెల్లెలా' అని పిలవడం మొదలుపెట్టాడు. అమ్మకు ఆయన 'అన్న' అయ్యాడు. నాకు మామ అయ్యాడు.

అమ్మ ఆ చేతిని చాలా కాలం సొంతానికి వాడుకోలేదు. వారానికొకసారి సంత రోజున మామ పిలిచినందుకు తెల్లారకముందే వెళ్లి, వారానికి సరిపడా ఉప్పూ చింతపండూ నూనే కొని, ఆయన చెప్పిన ధర ఇచ్చి వచ్చేది. "బోణీ కాడ బేరమాడితే చెయ్యి చెడతాది" అనేది. ఆయన కొసరుగా నా చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. అంతకు మించి మాకు ఆ బోణీ వల్ల ఒరిగిందేమీ లేదు. అవసరమూ లేదు. ఊరి చివర మాకు ఆరెకరాల మెట్ట ఉండేది. జొన్నలూ కొర్రలూ కందులూ మేమే పండించుకునేవాళ్లం. మిగిలినవి మేమే అమ్ముకునేవాళ్లం.

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోందనుకున్నాం. అది మా వంటింట్లో దూరుతుందని ఎవరనుకున్నారు? ముందు కిరసనాయిలు మాయమైంది. తర్వాత సబ్బు. రంగూన్ బియ్యం రావడం లేదన్నారు. పోనీలే, మేము బియ్యం తినేది పండక్కీ జ్వరానికీ కదా అనుకున్నాం. హవ్వ! బియ్యం దొరకనివాళ్లందరూ వచ్చి మా జొన్నల మీద పడ్డారు. దానికి తోడు వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. గింజలు అమ్ముకునే ఇల్లు గింజలు కొనుక్కోవాల్సిన గతికి వచ్చింది. మొదటిసారి సోల జొన్నల ధర విన్నప్పుడు అమ్మ నమ్మలేదు. అక్కడే నిలబడి రెండోసారి అడిగింది. మామ రెండోసారీ అదే చెప్పాడు.

"ఏందన్నా, ఇవి జొన్నలా ముత్యాలా?"

"నేనేం చేసేది చెల్లెలా? మేం కొనే కాడే అట్ల మండిపోతా ఉంది."

ఇంటికి వస్తూ దారంతా అమ్మ ఆ ధరను తనలో తానే చెప్పుకుంటూ వచ్చింది. మర్నాటి నుంచి మా ఇల్లు మారిపోయింది. దీపంలోకి ఆముదం వచ్చింది. బట్టలకు చవుడు మట్టి వచ్చింది. రొట్టెలు పోయి అంబలి వచ్చింది. అప్పుడే అమ్మకు తన చెయ్యి గుర్తొచ్చింది. వారానికొకసారి కొనడం మానేసింది. ఏ రోజు జొన్నలు ఆ రోజే కొనడం మొదలుపెట్టింది. అంటే రోజూ బోణీ తనదే. కోడి కూయగానే నన్ను లేపి వెంటబెట్టుకుని పోయి, దుకాణం ముందు నిలబడి, కొంగుముడి విప్పి డబ్బు మామ చేతిలో పెట్టి, చల్లగా అనేది: "అన్నా, ఈ డబ్బుకు సోల గాదు, సోలన్నర కొలువు."

మామ గుటకలు మింగేవాడు. బోణీ మనిషిని కాదనడానికి నోరు రాదు. కొలిచేవాడు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. బోణీ కాడ బేరమాడకూడదని నాకు నూరిపోసిన మనిషి ఈమేనా అని నోరెళ్లబెట్టి చూసేదాన్ని. వీధిలో ఆడవాళ్లు మాత్రం ఊరుకుంటారా? వాసన పట్టారు. "అక్కా, మా డబ్బు గూడా నీ చేత్తోనే ఇయ్యవా?" అని ఒకతె, "వదినా, నీ పుణ్యమాని మా పిల్లోళ్లకు నాలుగు గింజలు" అని ఇంకొకతె. పది రోజులు తిరిగేసరికి ఏడిళ్ల సంచులు మా అమ్మ భుజాన వేలాడాయి. మామ ఆ సంచులన్నీ చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"చెల్లెలా, ఇది బోణీనా, దోపిడీనా?"

"నువ్వు పిలిస్తేనే గదన్నా వచ్చింది!"

మర్నాడు మేము వెళ్లేసరికి మామ గల్లాపెట్టె మీద చెయ్యేసి, నేల చూపులు చూస్తూ "బోణీ అయిపోయిందిలే చెల్లెలా" అన్నాడు. ఎవరయ్యా అంత పొద్దున్నే వచ్చిన మహాతల్లి అంటే, ఆయన పెళ్లామే! లోపలింట్లోంచి వచ్చి, మొగుడి దుకాణంలో కానీ నాణెం పెట్టి పసుపు కొన్నదట. అమ్మ ఏడు సంచులూ ఉత్తవే తీసుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజంతా మండిపడుతూనే ఉంది. కానీ ఆ రోజు మామకు బేరాలు లేవట. రెండో రోజూ లేవట. మూడో రోజు పొద్దున ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు.

"తప్పయింది చెల్లెలా. రోజూ నువ్వే రా. నీ ఒక్కింటికైతే సోలన్నర కొలుస్తా. ఊరందరివీ మోసుకు రాబాక."

అమ్మ ఒప్పుకుంది. వీధివాళ్లు నాలుగు రోజులు మూతులు ముడుచుకున్నారు. ఆ పై అరసోల గింజలే మా తమ్ముడి రాత్రి అంబలి. అది గాని తప్పిపోతే మూడేళ్లవాణ్ని పస్తు పడుకోబెట్టాల్సిందే. అందుకే జ్వరమొచ్చినా, ముసురు పట్టినా అమ్మ బోణీ మానేది కాదు.

ఆ ఎండాకాలం నాయన గిద్దలూరు వైపు అడవిలో వెదురు కొట్టే పనికి రైలెక్కి వెళ్లాడు. నెల తిరక్కుండా చలిజ్వరంతో తిరిగొచ్చాడు. ఆ జ్వరానికి వేసే చేదు మాత్రలు యుద్ధంతో పాటే బజారులోంచి మాయమయ్యాయి. తొమ్మిదో రోజున పోయాడు. రైలెక్కేటప్పుడు నా జడ లాగి నవ్వినవాడు ఇట్టే పోయాడంటే నాకు చాలా రోజులు నమ్మకం కుదరలేదు. సందులో ఎవరు దగ్గినా నాయనే అనుకునేదాన్ని.

అమ్మ ఆచారం ప్రకారం మూల కూర్చుంది. చుట్టాలు తెచ్చిన గింజలు ఉన్నన్నాళ్లు సాగింది. అవి అయిపోయాక ఒక తెల్లవారుజామున లేచి, సంచి తీసుకుని, "పదమ్మా, మామ దుకాణానికి పోదాం" అంది. బొట్టు లేని ముఖంతో, గాజులు లేని చేతులతో బయల్దేరింది. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆమెకూ రాలేదనే ఇప్పటికీ అనుకుంటాను. అన్న కదా!

మేము సందు తిరిగేసరికి మామ చెక్కలు తీస్తున్నాడు. రెండు తీశాడు. మూడోది చేతిలో ఉంది. మమ్మల్ని చూశాడు. చూసి, చేతిలోని చెక్కను మళ్లీ దాని చోట పెట్టేశాడు. మిగిలిన రెండూ కూడా లోపలి నుంచి గబగబా బిగించేశాడు. చూడలేదేమోననుకుని అమ్మ "అన్నా" అని పిలిచింది. దగ్గరికి వెళ్లి మళ్లీ పిలిచింది. లోపలి నుంచి మెల్లగా గొంతు వినిపించింది.

"ఇప్పుడు గాదమ్మా. పొద్దెక్కినాక రా. తెలిసినదానివి, నీకు నేను చెప్పాల్నా?"

చెల్లెలా అనలేదు, అమ్మా అన్నాడు. ఆమె కోసం తెరుచుకునే తలుపు, ఆమెను చూసి మూసుకోవడమేంది? మొన్నటిదాకా ఆ చెయ్యి తగలనిదే గల్లాపెట్టె తెరవనివాడికి ఇప్పుడు ఆ చెయ్యే చేదైందా? తలుపు మీద రాయి విసరాలనిపించింది. వంగి రాయి తీశాను కూడా. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. మధ్యాహ్నం వెళ్లి అందరి ధరకే సోల జొన్నలు తెచ్చింది. ఆ రాత్రి తమ్ముడు ఆకలికి ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు.

మూడు రోజుల తర్వాత మామ వచ్చాడు. లోపలికి రాకుండా దడి అవతలే నిలబడ్డాడు.

"నామీద కోపం పెట్టుకోబాకమ్మా. ఆచారం నేను పుట్టించిందా? పాపను పంపు. నీ రక్తమే గదా, నీ చెయ్యే వచ్చి ఉంటాది."

మా అమ్మ నోరు సామాన్యమైంది కాదు. పొలం గట్టు జరిపిన మనిషిని ఊరంతా వినేలా కడిగిపారేసిన నోరు. ఇప్పుడు చూడు ఈయన గతి అని నేను కాచుకుని కూర్చున్నాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అడిగింది.

"సోలన్నరేనా?"

"సోలన్నరే."

"పంపిస్తా."

ఆయన వెళ్లాక అరిచాను. "నేను పోను! వాడి దుకాణం తగలబడిపోనీ!" అన్నాను. అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది.

"రోషాన్ని కుండలో పోసి ఉడకబెట్టమంటావా? నీ తమ్మునికి అది పెట్టమంటావా?"

వెళ్లాను. మర్నాటి నుంచి పదకొండేళ్ల నేను ఆ దుకాణానికి బోణీ మనిషినయ్యాను. మామ నా చేతి డబ్బు కళ్లకద్దుకున్నాడు. బేరాలు బాగానే జరిగాయట. "తల్లిని మించింది" అని పక్క దుకాణం వాళ్లతో చెప్పాడు. నిజం చెప్పాలంటే, వారం తిరిగేసరికి నాకూ కాస్త గర్వం పట్టుకుంది. అంత పెద్ద మీసాల వర్తకుడు నా కోసం ఎదురుచూడడం తక్కువ సంగతా?

ఒక్కటే కోపం. నేను వణుకుతూ లేచి వెళుతుంటే అమ్మ లేచేది కాదు. ముసుగు తన్ని, గోడ వైపు తిరిగి పడుకునేది. ముసుగులోంచే "లెయ్, పొద్దుపోతా ఉంది" అనేది. సంచీ డబ్బూ రాత్రే గడప దగ్గర పెట్టి ఉంచేది. కోడి కంటే ముందు లేచే మనిషికి ఇంత మొద్దునిద్రేంది? ఒకరోజు అడిగేశాను కూడా. "నన్ను తోలి నువ్వు హాయిగా పడుకుంటావా?" అని. అమ్మ ముసుగు ఇంకాస్త పైకి లాక్కుంది. బద్ధకం వచ్చిందనుకున్నాను. కన్నతల్లి గురించి అంత మాట అనుకున్నాను.

చలికాలం మొదట్లో ఒక తెల్లవారుజామున డబ్బు మాత్రం కొంగున కట్టుకుని, సంచి మరిచిపోయి వెళ్లాను. సందు మొదటిదాకా వెళ్లాక గుర్తొచ్చింది. పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. అమ్మ వాకిట్లో ఉంది. పేడనీళ్లు చల్లడం సగం అయింది. పొయ్యి రాజుకుంది. అంటే ఎప్పుడో మేలుకున్న మనిషి. నేను వెళ్లేదాకా ముసుగులో కళ్లు తెరుచుకునే ఉన్న మనిషి. ఇన్నాళ్లూ రోజూ ఇంతే.

నన్ను చూసి అమ్మ హడలిపోయింది. చేతిలో ముంత జారి పడింది. కొంగుతో ముఖం కప్పేసుకుని, గోడకు కొట్టుకుంటూ గాదె వెనక్కి పరుగెత్తింది. దొంగను చూసినట్టు, కన్నకూతుర్ని చూసి!

"ఎందుకొచ్చినావే? పో, పో! పొద్దున్నే నా మొగం చూసిపోతే నీ చెయ్యి చెడతాది!"

వాకిట్లో నిలబడే అడిగాను.

"నువ్వు గూడా నమ్ముతావామ్మా?"

"నేను నమ్మితే ఏంది, నమ్మకపోతే ఏంది? గింజలు ఆయప్పవి. ఆయప్ప నమ్ముతాడు. సంచి తీసుకోనిపో, నన్ను చూడబాక."

ఆ మామను నేను చాలా ఏళ్లు తిట్టుకున్నాను. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా తిట్టాను. కానీ ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. గాదె నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్లి ఆ కొంగు లాగేసి, అమ్మ ముఖం ఒక్కసారి చూసి వెళ్లి ఉండొచ్చు. చూస్తే బోణీ చెడుతుందేమోనని నాకు భయమేసింది. నేల చూసుకుంటూ వంగి, గడప దగ్గరి సంచి తీసుకుని దుకాణానికి వెళ్లిపోయాను.