రెండిళ్ళ నడుమ తూము

మొన్న ఉగాదికి ముందు కర్నూలులో మా చిన్నకూతురు ఇల్లంతా శుభ్రం చేయించాలని ఫోనులో ఎవరినో పిలిపించింది. ఇద్దరు మనుషులు యంత్రాలు పట్టుకొని, మూతులకు గుడ్డలు కట్టుకొని వచ్చారు. మధ్యాహ్నానికల్లా నేల తళతళలాడింది. ఎట్లా ఉందమ్మా అని అమ్మాయి మురిపెంగా అడిగితే, నేను లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలో వేలు పెట్టి, ఆ వేలిని ఆమెకు చూపించాను. తరువాత స్విచ్చుబోర్డుల పైఅంచు, తలుపు చట్రం నెత్తి, గ్యాసు సిలిండరు వెనక మూల, చివరికి బాల్కనీలో నీళ్ళు పోయే జాలీ. ఆ జాలీ ఎత్తితే పావురాల ఈకలు, తలవెంట్రుకలు, చినిగిన పాలప్యాకెట్టు మూలలు ముద్దగా బయటికి వచ్చాయి. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ మళ్ళీ పనిలోకి దిగారు. మా అమ్మాయి మాత్రం, "నువ్వు ఇల్లు చూసినట్టు లేదమ్మా, పోలీసులు సోదా చేసినట్టుండాది," అంది.

అననీ. నా ఈడు ఆడవాళ్ళకు నేను వేరే చెప్పవలసిన పని లేదు. కనబడే నేలను ఎవరైనా తుడుస్తారు. ఇల్లు ఎట్లాంటిదో తెలియాలంటే చెయ్యి అందని చోటు, చూపు పోని చోటు చూడాలి. ఈ మాట ఇంత ధీమాగా ఎట్లా అంటున్నానంటే, దాని మంచీచెడూ రెండూ మైదుకూరులో మా అత్తగారింట్లో కళ్ళారా చూసినదాన్ని కాబట్టి.

నేను ఒంటిమిట్ట దగ్గరి ఒక పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో పండగకు పండగకు బూజు దులిపి సున్నం కొడితే అదే గొప్ప. మా అత్త లెక్క వేరు. ఉట్టి తాడు ముడులు, దీపపు గూట్లో మసి, రోటి అడుగు, పటాల వెనక, నీళ్ళ కాగుకూ గోడకూ నడుమ ఉండే ఇరుకు, ఇవన్నీ ఆమెకు ఇంట్లో మనుషులంత ముఖ్యం. కొత్తలో ఒకరోజు నేను బండల సందుల్లో పుల్ల పెట్టి కెలకకుండా పైపైన ఊడ్చి లేచిపోతుంటే, నా చేతిలోని చీపురు తీసుకొని, "తేలుకు తెలిసిన సందు నీకు తెలీకపోతే ఎట్లమ్మే?" అంది. ఆ వేసవిలోనే కాగు వెనక నుంచి అరచేతంత నల్లతేలు బయటపడ్డాక నాకిక ఎవరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది. అలవాటు పడితే అదొక సుఖం. శుక్రవారం పొద్దున ఆ మూలలన్నీ తుడిచేసి, తల మీద నీళ్ళు పోసుకొని, గడప మీద కూర్చొని వేడివేడిగా తాగిన కాఫీ రుచి ఈ వయసులోనూ నాలుక మీద ఉంది.

అంత శుభ్రమైన ఇంట్లోనూ ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒకటి ఉండేది. అది మిద్దె మీద ఉంది.

ఆ కాలపు మిద్దెలు మీకు తెలుసు. దూలాల మీద బండలు పరిచి, మట్టి కొట్టి, వాన దిగకుండా ఆ పైన చౌడుమన్ను పరిచేవాళ్ళు. మాదీ, మా పక్కింటి ఖాలాదీ ఒకే నడిమిగోడ మీద కట్టిన జంట మిద్దెలు. ఖాలా భర్త బజారులో బట్టలు కుట్టేవాడు. ఆమెను వాళ్ళ బంధువుల పిల్లలు ఖాలా, అంటే పిన్నీ, అంటుంటే విని నేనూ అట్లాగే పిలిచేదాన్ని. రెండు మిద్దెల వాననీళ్ళూ వెనక మూలన, గోడలో పెట్టిన ఒకే తూములోంచి మా పెరట్లోకి పడాలి. మా అత్తా ఖాలా ఒకప్పుడు ఒదినా ఒదినా అంటూ ఒకరి చేటలో ఒకరు బియ్యం చెరుక్కున్నవాళ్ళేనట. నేను వచ్చేసరికి మాటలు లేవు. ఖాలా కోళ్ళు మిద్దెనెక్కి చౌడంతా గీకి పోస్తున్నాయని మా అత్త అన్నదట, కోళ్ళకు నీ మిద్దె, నా మిద్దె తెలుస్తుందా అని ఖాలా అన్నదట. అంతే, ఏడాదికి పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిరపకాయలు ఎండబోయడానికి మొదటిసారి పైకి ఎక్కినప్పుడే ఆ తూము నా కంటపడింది. వేపాకులు, గడ్డి, కోడి ఈకలు చేరి, మట్టితో గట్టిపడి, దాని నోరు సగానికి పైగా మూసుకుపోయింది. దిగి వచ్చి, తీసేస్తానత్తా అన్నాను. ఆమె, "ముట్టుకోవద్దు. కోళ్ళు వాళ్ళవి, కసువు వాళ్ళది. తీసేది వాళ్ళే," అంది. ఖాలా కూతురు ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు పెరటిగోడ మీదుగా నాతో మాట్లాడుతూ వాళ్ళమ్మ మాట చెప్పింది: తూము మీ పెరటి వైపు గోడలో ఉంది కాబట్టి మీరే తియ్యాలట. మా మామ ఇది ఆడవాళ్ళ తగాదా అని పొలానికి వెళ్ళిపోయేవాడు. మా ఆయన వాళ్ళ నాన్నకు తగిన కొడుకు. ఇద్దరిదీ అయిన చోటు ఎవరిదీ కాకుండా పోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మాది వాన కోసం మొగులు వైపు చూసే సీమ కదా, ఒక ఏడు పడని వాన మరో ఏడు పగబట్టినట్టు పడుతుంది. ఆ కార్తీకంలో ముసురు పట్టి విడవలేదు. మా మామా, మా ఆయనా కళ్ళంలో చెనక్కాయలు పేర్చిన వాముకు పట్టాలు కప్పడానికి వెళ్ళి, వంక పొంగడంతో అక్కడే చిక్కుపడ్డారు. ఖాలా భర్త కూడా పెళ్ళిబట్టలు కుట్టడానికి పొరుగూరు వెళ్ళి రాలేకపోయాడు. పక్కింట్లో ఖాలా, పురిటికి వచ్చిన ఆమె కూతురు, పొత్తిళ్ళలో బిడ్డ. మా ఇంట్లో మా అత్తా నేనూ. మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉండగా పైనుంచి మట్టి రాలి అన్నంలో పడింది. తల ఎత్తితే దూలం గోడలో దిగిన చోట కొత్త బీటిక కనిపించింది. చుక్కచుక్కగా కారే ఉరుపు కాదు, పైన నీళ్ళు నిలిచి మిద్దె బరువెక్కిందని నాకు అర్థమైంది. గిన్నె దించి, కొంగు నడుముకు చుట్టి, నిచ్చెన గోడకు ఆనించాను.

"యాడికి పోతాండావు మ్మే, ఈ వానలో!"

"తూము తీసేదానికత్తా."

"వద్దంటి గదా!"

"ఇప్పుడు వద్దంటే ఇల్లుండదు," అని ఎక్కేశాను. అత్తకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. భయపడడానికి కూడా తీరిక లేదు.

పైన పిట్టగోడల నడుమ నీళ్ళు చిన్నకుంటలా నిలిచి ఉన్నాయి. పిక్కల దాకా మునుగుతూ మూలకు వెళ్ళి, వంగి తూములో చెయ్యి పెడితే నాలుగు వేళ్ళకు మించి దిగలేదు. ఖాలా వాకిలి వైపు తిరిగి, "ఖాలా, ఇనప చువ్వేదన్నా ఉంటే తీసుకోని రా!" అని గొంతు చించుకొని అరిచాను. ఆమె ఎందుకని అడగలేదు. పొయ్యి ఎగదోసే చువ్వ పట్టుకొని, అంత లావు మనిషి, వాళ్ళ నిచ్చెన మీదుగా ఆయాసపడుతూ వచ్చింది. "జాగ్రత్త బేటీ, లోపల తేళ్ళుంటాయి," అంటూనే నన్ను పక్కకు జరిపి తానే పొడవసాగింది. ఈకలు, గడ్డి, బురద పిడికెడు పిడికెడుగా వస్తున్నాయి గానీ నీళ్ళు కదలడం లేదు.

అప్పుడు కింద పెరట్లోంచి మా అత్త గొంతు వినబడింది. "పైనుంచి పొడిస్తే ఇంకా బిగుసుకుంటాది ఒదినా! నువ్వు చువ్వ వెనక్కి తియ్యి, నేను గడతో కింద నుంచి నెడతాండా!"

ఖాలా ఒక్క క్షణం నా ముఖం చూసింది. తరువాత చువ్వ వెనక్కి లాగింది. కింద నుంచి వెదురుగడ దూరింది. నాలుగు పోట్లకు లోపల ఏదో జారింది, ఆ మరుక్షణం ఏడాది కసువంతా, రెండు మిద్దెల నీళ్ళూ ఒక్కసారిగా మా అత్త నెత్తి మీద పడ్డాయి. రోజుకు రెండుసార్లు స్నానం చేసే మనిషి తలలో కోడి ఈకలతో, ముఖం నిండా బురదతో నిలబడి ఉంటే పైనుంచి ఖాలా నవ్వు ఆపుకోలేకపోయింది. "నవ్వుతావేందే, నీ కోళ్ళ సొమ్మే ఇది," అంటూ మా అత్త కూడా నవ్వింది.

అయితే మా అత్త గొప్పతనం ఆ తరువాత చూశాను. ముఖమైనా కడుక్కోకుండా ఆమె నేరుగా ఖాలా ఇంట్లోకి నడిచి, వెనకగోడకు అరచెయ్యి ఆనించి, "నీళ్ళు పోయినా గోడ శానా నానిండాది. ఈడ వద్దు, మా గోడ ఇంకా గట్టిగానే ఉండాది, బిడ్డనూ తల్లినీ మా ఇంట్లోకి తెండి," అంది. బిడ్డను గుండెకు హత్తుకున్న బాలింతను నేనూ ఖాలా చెరో వైపు పట్టుకొని తెచ్చాము. బిడ్డను తన చేతులు బురదగా ఉన్నాయని ముట్టుకోకుండా, మా అత్త మా వెనకాలే మంచం ఈడ్చుకొచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఖాలా ఇంటి వెనక మూల బండలతో సహా కూలింది. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే, అందరికంటే ముందు మా అత్తే ఎత్తుకుంది. మా మిద్దె బీటికతో నిలిచింది.

గోడ మళ్ళీ లేచేదాకా వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. కోళ్ళు కూడా. మా అత్త రోజూ వాటిని తిట్టేది, రోజూ నూకలు చల్లేది. నువ్వు చెప్పిందే నిజమని నాతో ఆమె ఏనాడూ అనలేదు. కానీ వానలు వెలిసాక, శుక్రవారం పని ముగించి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, "నువ్వొకసారి చూడు మ్మే, నా కండ్లకు పడంది ఏమన్నా ఉండాదేమో," అంది. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి మనిషినయ్యాను. మిద్దె మీద మాత్రం ప్రతి వానకూ ముందు ఇద్దరు వదినలూ కలిసి ఎక్కేవాళ్ళు. తూము తీసే పని కొంచెమే, పైన కూర్చొని చెప్పుకునే ముచ్చట్లు ఎక్కువ.

ఇప్పుడు అక్కడ మిద్దెలు లేవు. రెండిళ్ళకూ స్లాబులు పడ్డాయి, మధ్య సందు వచ్చింది, ఎవరి నీళ్ళు వాళ్ళ గొట్టంలో పోతున్నాయి. ఆ వసతిని తప్పు పట్టేంత వెర్రిదాన్ని కాను. ఇప్పుడు కార్తీకంలో ముసురు పట్టినా ఏ ఇంట్లోనూ బాలింత పైకప్పు వైపు చూస్తూ పడుకోవలసిన పని లేదు. ఆ భయంతో పాటు ఇంకేదో కూడా పోయింది. ఖాలా ఇంట్లో ఏ గోడ ఎప్పుడు నానుతుందో మా అత్తకు చెయ్యి ఆనిస్తే తెలిసేది. నేను ఈ కర్నూలుకు వచ్చి ఇన్నేళ్ళయింది. మా ఎదుటి తలుపు వెనక ఉండే ఆమె ఎప్పుడైనా లిఫ్టులో కనబడితే నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఆమె ఇంట్లో ఏ మూల తడుస్తుందో నాకు తెలియదు.