డోరిస్‌కి చేయించని పరీక్ష

పాముల్ని వదిలించుకోవడానికి వచ్చే మనుషులంటే క్లిఫ్ హార్గ్రీవ్స్‌కి ఒళ్ళు మంట. ఆ మంటని దాచుకునే అలవాటు కూడా అతనికి లేదు. ఇంగ్లండులోని బర్న్లీలో, కాలవ వెనక వీధిలో, ఒకదానికొకటి అంటుకుని నిలబడ్డ ఇళ్ళ వరసలో అతనిది చివరి ఇల్లు. పెంచుకున్న పాము మీద మోజు తీరినవాళ్ళు, ఇంటి ఓనరు వద్దన్నవాళ్ళు, అదో నేనో తేల్చుకోమని పెళ్ళాం నిలదీసినవాళ్ళు, అందరూ ఆ గుమ్మంలోకే వచ్చేవాళ్ళు.

"పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉండేదండీ. ఇంత పొడుగవుతుందనుకోలేదు," అని నసిగేవాడు వచ్చినవాడు.

"మీ అబ్బాయి కూడా పొడుగవుతాడు. అప్పుడు వాణ్ణి కూడా ఇక్కడికే పట్టుకొస్తారా?" అనేవాడు క్లిఫ్.

నాలుగు మాటలనేసి, పెట్టె మాత్రం అందుకునేవాడు. తీసుకోనని ఎవర్నీ తిప్పి పంపలేదు. పంపితే ఆ పాము ఏ కాలవగట్టునో చలికి బిగుసుకుపోతుందని అతనికి తెలుసు.

అతను బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మొదటి పాముని కోరి తెచ్చుకోలేదు. మేడమీద గదిలో అద్దెకున్న కుర్రాడు చెప్పాపెట్టకుండా ఉడాయిస్తూ, బోవా అనే పెద్దజాతి పాము పిల్లని మంచం కింద పెట్టెలో వదిలేసి పోయాడు. పెన్సిలంత లావు ఉంది. క్లిఫ్ భార్య జీన్ దాన్ని చూసి కెవ్వుమనలేదు. పెట్టె తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టించింది. డోరిస్ అని పేరు కూడా ఆవిడే పెట్టింది. అది అత్తగారి పేరు.

"తిన్నాక కళ్ళార్పకుండా మనల్నే చూస్తూ కూచుంటుంది. అచ్చం మీ అమ్మే," అంది జీన్.

పెద్దావిడ బతికున్నన్నాళ్ళూ ఆ పేరు ఆవిడ చెవిన పడకుండా చూసుకోవడమే మొగుడూ పెళ్ళాలకి పెద్ద పనైపోయింది.

జీన్ జబ్బుపడి మంచం పట్టాక, డోరిస్ ఆమె కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి మీద చుట్టలు చుట్టుకుని పడుకునేది. పాముకి ప్రేమా దోమా ఉండవని, తన దగ్గర్నించి పాముల్ని పెంచుకోవడానికి తీసుకెళ్ళే వాళ్ళందరికీ క్లిఫ్ చెప్పేవాడు. డోరిస్ గురించి మాత్రం ఆ మాట అతని నోట వచ్చేది కాదు. జీన్ పోయాక ఆ ఇంట్లో ఆమెని ఎరిగిన ప్రాణి, అతను కాక, అదొక్కటే.

కొత్తగా వచ్చిన పాముల విషయంలో అతని పద్ధతి చాలా గట్టిది. వీధివైపున్న చిన్నగది వాటిది. మూడు నెలలు అక్కడే ఉండాలి. వాటి నీళ్ళ గిన్నెలు వేరు, పట్టుకర్ర వేరు. రోజూ పాతవాటి పని ముగించాకే కొత్తవాటి గదిలో అడుగుపెట్టేవాడు. పశువుల డాక్టర్ మేగన్ దగ్గర రక్తపరీక్ష చేయించి, ఏ రోగమూ లేదని తేలాకే వాటిని మధ్యగదిలోకి మార్చేవాడు. ఇంట్లోకెల్లా వెచ్చని గది అది. డోరిస్ ఉండే గది. అక్కడ కాస్త ఒళ్ళు చేసి, మనిషి చేతికి మాలిమి అయ్యాక పాముల్ని కొత్త ఇళ్ళకి పంపేవాడు. డోరిస్‌కి మాత్రం ఎన్నడూ ఏ పరీక్షా చేయించలేదు. చేయించాలన్న ఊహే రాలేదు. రోగం బయటినుంచి వస్తుంది, డోరిస్ ఇంటి మనిషి.

బటన్ ఒక దిండు గలీబులో వచ్చింది. ఎవరో గుమ్మంలో పెట్టి మొహం చాటేశారు. రాయల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువ. పాత ఇంట్లో పెట్టె అడుగున పెట్టిన వేడిపలక తగిలి దాని కడుపు కింద తోలు కాలి ఊడి వస్తోంది. క్లిఫ్ రోజూ ఆ పుండు కడిగి, మందు రాసి, కింద శుభ్రమైన న్యూస్‌పేపర్లు పరిచేవాడు. గడ్డకట్టిన ఎలుకని వేడినీళ్ళలో నానేసి, తోక పట్టుకుని దాని ముందు చెయ్యి పడిపోయేదాకా ఆడించేవాడు. బటన్ మొహం తిప్పుకునేది. చలికాలమంతా అలాగే గడిచింది. మంచు కరిగాక ఒకరోజు ఉన్నట్టుండి లటుక్కున ఎలుకని అందుకుంది. క్లిఫ్ కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. జీన్ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మధ్యగదిలో కొన్నాళ్ళుండి కోలుకున్నాక, వేసవి చివర్లో బటన్‌ని ఐవీ కర్షా తీసుకెళ్ళింది. ఆమె బడిలో వంటమనిషి. పాము కావాల్సింది ఆమె కొడుకు కాలమ్‌కి. అతనికి ముప్పై దాటాయి. పుట్టినప్పటినుంచీ ఎవరి మొహంలోకీ చూడలేడు, మాట మాత్రం తిన్నగా మాట్లాడతాడు. ఒళ్ళో బటన్‌ని పెట్టగానే, ఎప్పుడూ ఉండే అతని చేతుల వణుకు ఆగిపోయింది. పాము కోసం వచ్చినవాళ్ళని క్లిఫ్ సవాలక్ష ప్రశ్నలు వేసి విసిగించేవాడు. కాలమ్‌ని ఒక్కటీ అడగలేదు.

ఆకులు రాలే వేళకి మధ్యగదిలోని కొండచిలువలు జబ్బుపడ్డాయి. ఒకటి తిన్నది తిన్నట్టే కక్కేసింది. ఇంకొకటి వెల్లకిలా పడితే మళ్ళీ తిరగలేకపోయింది. తరవాత అన్నీ మెడలు వెనక్కి విరుచుకుని, తలలెత్తి ఇంటి కప్పుకేసి చూడడం మొదలుపెట్టాయి. రోగం మెదడుకి ఎక్కిందనడానికి గుర్తు అదే. డాక్టర్ మేగన్ వచ్చి, బాధ లేకుండా ప్రాణం పోయేలా వాటికి సూది వేసింది. తరవాత గది నాలుగు మూలలా చూసింది.

"ఈ గదిలో బోవా కూడా ఉందా?"

"డోరిస్ ఉంది. దానికేం, గుండ్రాయిలా ఉంది. మొన్ననే శుభ్రంగా తింది."

"బోవాలు ఈ రోగాన్ని ఏళ్ళ తరబడి మోస్తాయి క్లిఫ్. పైకి ఏమీ తెలీదు. కొండచిలువలకి అంటితే మాత్రం ఇదిగో, ఇలా పోతాయి. దాని రక్తం తియ్యాలి."

"దాన్ని వదిలెయ్యండి డాక్టర్."

"వదిలేసే కదా ఇంతదాకా వచ్చింది," అందామె. కోపంగా అనలేదు, మెల్లగానే అంది.

పరీక్షలో డోరిస్‌కి రోగం ఉన్నట్టు తేలింది. పెన్సిలంత ఉన్నప్పటినుంచే ఉండి ఉంటుందంది డాక్టర్. వేసవిలో ఆ గదిలో పాముల ఒంటికి పేలు పట్టాయి. డోరిస్ నెత్తురు తాగిన పేలే పాకి మిగతావాటిని కుట్టి ఉంటాయి. అంటే, ఏ రోగమూ లేదని రూఢి చేసుకున్న వాటినే ఏరి ఏరి తీసుకొచ్చి, క్లిఫ్ తన చేతులతో రోగం పక్కన పెట్టాడు.

"డోరిస్ ఇంకా ఏళ్ళ తరబడి బతకొచ్చు," అంది డాక్టర్. "ఉంచుకుంటానంటే నేను కాదనను. కానీ అదున్నన్నాళ్ళూ ఈ ఇంట్లోకి ఇంకో పాము రాకూడదు. లేదూ, దానికీ ఆ సూది వేయించేసి, ఇల్లంతా కడిగి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. మీ ఇష్టం."

క్లిఫ్ ఆలోచించలేదు. గుమ్మం మూసేస్తానన్నాడు. చేసింది చాలు, మిగిలిన కాలం డోరిస్‌తో గడుపుతానన్నాడు. ఇంక మిగిలింది ఒక్క పనే. ఆ వేసవిలో మధ్యగదిలోంచి బయటికి వెళ్ళింది బటన్ ఒక్కటే. ఐవీకి చెప్పాలి. ఫోన్‌లో చెప్పే కబురు కాదని బస్సెక్కాడు. ఏ మాట తరవాత ఏ మాట అనాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు.

ఐవీ తలుపు తీసింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"సమయానికి వచ్చారు క్లిఫ్ గారూ. టీ పెడతా, లోపలికి రండి. మీ బటన్ కొత్త విద్య నేర్చిందండోయ్. వారం రోజులై తలెత్తి మరీ మావాడి మొహంలోకి చూస్తోంది." ఆమె గొంతు తగ్గించింది. "వాడు కూడా చూస్తున్నాడు. నేను కన్నతల్లిని, నన్నే ఏనాడూ చూళ్ళేదు."

ముందుగదిలో కాలమ్ సోఫాలో కూర్చున్నాడు. బటన్ అతని మోచేతి మీద మెడ వెనక్కి విరుచుకుని, పైకి చూస్తోంది. కాలమ్ దాని మీదకి వంగి, కదిలితే ఎక్కడ చూపు తప్పిపోతుందోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు.

ఆ మెడ ఎందుకలా విరుచుకుందో క్లిఫ్‌కి చూడగానే తెలిసింది. టీ తాగేసి, బాగుంది అనేసి వెళ్ళిపోవచ్చు కదా అనిపించింది. ఆ తల్లీకొడుకులు ఇంకొన్నాళ్ళు సంతోషంగా ఉంటారు. కానీ ఆ కొన్నాళ్ళూ బటన్ నరకం అనుభవిస్తుంది. అతను వంటింట్లోకి వెళ్ళి ఐవీకి అంతా చెప్పాడు. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఐవీ కెటిల్ ఆపేసింది.

"గుమ్మంలోకొచ్చిన ప్రతివాణ్ణీ కడిగేస్తారు కదా మీరు. మీ ఇంట్లో దాన్ని చూసుకోలేదా?"

"చూసుకోలేదమ్మా."

"మరి దాన్నేం చేస్తున్నారు?"

"అది బాగానే ఉంది. ఉంచుకోవచ్చన్నారు."

"అంటే మావాడిది పోతుంది, మీది ఉంటుంది," అంది ఐవీ. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. "వాడికి నేను చెప్పలేను. మీరే చెప్పండి."

కాలమ్ గోడకేసి చూస్తూ అంతా విన్నాడు.

"దానికి నొప్పిగా ఉందా?"

"ఉంది నాయనా."

"అయితే అది నన్ను చూడ్డం లేదా?"

"లేదు."

కాలమ్ చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి.

ఆ రాత్రి క్లిఫ్ డోరిస్ పెట్టె దగ్గరే కూర్చున్నాడు. జీన్ ఉంటే ఏమనేదో ఊహించుకోబోయాడు. ఊహకి వచ్చిన ప్రతిసారీ ఆమె కూడా ఐవీ లాగే, మరి దాన్నేం చేస్తున్నారనే అడిగింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు డాక్టర్ మేగన్ దగ్గరికి తల్లీకొడుకులు బటన్‌ని పెట్టెలో తీసుకొచ్చేసరికి, క్లిఫ్ ఒళ్ళో పెద్ద పెట్టెతో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఐవీ పెట్టెని చూసి, పక్కన చోటు చేసుకుని కూర్చుంది. కాలమ్ మూత సందులోంచి లోపలికి తొంగిచూశాడు.

"దీని తల తిన్నగానే ఉంది. దీన్నెందుకు తెచ్చారు?"

"బటన్‌కి రోగం వచ్చింది దీన్నుంచే."

కాలమ్ మూత మెల్లగా సర్దాడు.

"దానికి తెలీదు కదా."

"దానికి తెలీదు. నాకు తెలియాల్సింది."

డాక్టర్ మేగన్ తలుపు తీసి క్లిఫ్ ఒళ్ళోనూ కాలమ్ ఒళ్ళోనూ ఉన్న పెట్టెల్ని చూసింది. ముందు ఎవరొస్తారని అడిగింది.

"బటన్‌ని తీసుకోండి డాక్టర్, అది బాధపడుతోంది," అన్నాడు క్లిఫ్. "దీనికి తొందరేం లేదు."