నడుముకి చుట్టుకున్న ఒప్పందం

కపాండ్వే సరిహద్దు గేటు దగ్గర సుంకం ఆఫీసు బల్ల కింద ఒక సత్తు బేసిను ఉండేది. అవతలి దేశం నుంచి ఎండుచేపల మూట నెత్తిన పెట్టుకుని వచ్చే ప్రతి ఆడమనిషీ అక్కడ మూట దించాలి, ముడి విప్పాలి, బేసిను నిండా చేపలు పోయాలి, మళ్ళీ ముడేసుకుని పోవాలి. రసీదు లేదు. ఇదేం పన్నని అడిగినవాళ్ళూ లేరు. లెఫినా సోకో తొమ్మిదేళ్ళపాటు, వారానికి రెండుసార్లు పోసింది. పోసి, మోకాళ్ళు వంచి, అరచేతులు మెల్లగా చరిచి మర్యాద చేసి మరీ వచ్చేది.

పక్కనే లారీలు పోయేవి. సబ్బుల లారీలు, నూనె డబ్బాల లారీలు. డ్రైవరు కిటికీలోంచి ఒక కాగితం ఊపేవాడు. గేటు లేచేది. ఇంజను ఆపే పని కూడా ఉండేది కాదు.

ఆ నూనె లారీలంటే లెఫినాకి కడుపు మంట. ఆమె మొగుడు యోబె ఊళ్ళోని వేరుశనగ నూనె మిల్లులో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. ఒక ఏడు మిల్లు యజమాని అందరినీ పిలిచి, చుట్టుపక్కల దేశాలన్నీ ఏదో ఒప్పందం రాసుకున్నాయని, ఇకమీదట బయటి నూనె పన్ను లేకుండా వస్తుందని, ఆ ధరకి తను ఆడించలేనని చెప్పి తాళం వేశాడు. యోబె ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లెఫినా మూట ఎత్తుకుంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ‘ఒప్పందం’ అన్న మాట తిట్టు కింద వాడేవాళ్ళు. మేక తోటలో పడితే, “పోవే, నిన్ను ఒప్పందం ఎత్తుకెళ్ళా!” అని.

తొమ్మిదో ఏడు, వానాకాలం మధ్యలో, ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. గేటు దగ్గరున్న ఆడవాళ్ళంతా మూటలు తడవకుండా ఆఫీసు గదిలోకి జొరబడ్డారు. మామూలుగా వాళ్ళు గుమ్మం దాటరు. బల్ల గుమ్మంలోనే ఉంటుంది, బేసిను దాని కిందే ఉంటుంది, అంతకన్నా లోపలికి వాళ్ళకి పనేమిటి? ఆ రోజు జల్లు లోపలికి కొడుతోందని సుంకం అధికారి కసోండె ఎవరినో తలుపు మూయమన్నాడు. తాను వెనక గదిలోకి పోయి టీ కాచుకుంటున్నాడు.

తలుపు మూసుకుంది. పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా లెఫినా ఎప్పుడూ చూడలేదు. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి, దాని వెనక గోడకి ఆనుకుని ఉండేది. ఆ గోడ మీద, ఇన్నాళ్ళూ తలుపు కప్పేసిన చోట, ఒక పెద్ద కాగితం అంటించి ఉంది.

“మెలియా, ఏంటే అది? దొంగల పేర్లా?”

గుడ్ల బుట్టతో పక్కన నిలబడ్డ మెలియా ఏడో తరగతి దాకా ఇంగ్లీషు చదివింది. దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి కూడబలుక్కుంది. “దొంగలు కాదు వదినా. సరుకులు. ఒకటి, మొక్కజొన్న. రెండు, చిక్కుళ్ళు. మూడు…”

“ధరలా?”

“ధరలు లేవు. పైన ఏదో రాశారు. ఉండు.” మెలియా పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ మొదటినుంచి చదివింది. “ఈ దేశాల్లో పండినవీ, పట్టినవీ, చేసినవీ అయి, చిన్న బేరగాళ్ళు తెచ్చుకునే సరుకైతే, ఈ కింద రాసినవాటికి సుంకం లేదు. ఒక చిన్న కాగితం నింపితే చాలు. ఇది దేశాల ఒప్పందం.”

వాన రేకుల మీద దంచుతోంది. లెఫినా కాగితం దగ్గరికి జరిగింది.

“ఎండుచేప ఉందా?”

“ఏడో వరస.”

“మన ఎండుచేపేనా?”

“ఎండుచేప అని ఉంది వదినా. ఎవరిదైనా ఎండుచేపేగా.”

లెఫినా చెయ్యి చాపి ఏడో వరసని ముట్టుకుంది. ఇరవై పైచిలుకు దేశాల పెద్దలు, ఎక్కడో ఒక నగరంలో, గొప్ప బల్ల చుట్టూ కూర్చుని, నెత్తళ్ళంత చిన్న తన చేపని తలుచుకున్నారు! పేరు పెట్టి రాశారు! తనెవరో తెలియకపోయినా, తన నెత్తిన ఏముంటుందో వాళ్ళకి తెలుసు. యోబె పని మింగిన ఒప్పందం, తనకీ ఒక ముద్ద దాచి పెట్టింది. ఆ ముద్ద ఈ తలుపు వెనకే తొమ్మిదేళ్ళు ఉండిపోయింది. ఆమెకి కోపం తర్వాతెప్పుడో వచ్చింది. ముందు మాత్రం చర్చిలో మొదటిసారి బాజా విన్న పిల్లలా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

“మొత్తం చదువు,” అంది. “వరసగా. తొందరపడకు.”

వాన వెలిసే లోపల ముప్ఫై రెండు వరసలూ రెండుసార్లు చదివించుకుంది.

తర్వాతి వారం బేసిను ముందు నిలబడి, మూట విప్పకుండా, కసోండెని అడిగింది. కసోండె బెంబా జాతివాడు, లెఫినా ఎన్‌గోని. తాతల కాలంలో కత్తులు దూసుకున్న ఆ రెండు జాతులకీ ఇప్పుడు బావామరదళ్ళ వరస. మీరు ఎలుకలు తింటారని వీళ్ళూ, మీరు కోతులు తింటారని వాళ్ళూ, ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరికీ కోపం రాకూడదు.

“బావా, మీ తలుపు వెనక కాగితంలో నా చేప ఉందట కదా?”

“ఏ కాగితం మరదలా? ఎలుకలు తిని తిని కళ్ళు మసకేశాయా?” కసోండె లేచి తలుపు తనే మూసి చూపించాడు. గోడ మీద అంటు ఊడిన నాలుగు మచ్చలున్నాయి, అంతే. తర్వాత గొంతు తగ్గించి, నవ్వకుండా అన్నాడు. “ఇంకోసారి ఈ మాటెత్తావంటే బేసినుతో పోదు. మూట మూటంతా ఇక్కడే ఉండిపోతుంది.”

మూట పోతే మళ్ళీ సరుకు కొనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. లెఫినా బేసిను నింపింది. మోకాళ్ళు వంచింది. ఇంటికెళ్ళింది.

కానీ లెఫినా గురించి కసోండెకి తెలియని సంగతి ఒకటుంది. గురువారం గురువారం చర్చి స్త్రీల సమాజంలో బల్లగుడ్డల మీద పూలు కుట్టే ఆడవాళ్ళలో, నమూనా ఎదురుగా పెట్టుకోకుండా కుట్టేది ఆమె ఒక్కతే. ఒకసారి చూసినా, విన్నా చాలు. ఏ ఆకు ఎటు తిరిగిందో, ఎన్నో కుట్టు దగ్గర రంగు మారిందో, అన్నీ ఆమె వేళ్ళలోకి దిగిపోతాయి. అక్షరాలు రాకపోవడం వల్ల చూపు అంత లోతుకి దిగిందేమో, చెప్పలేం.

నడుముకి చుట్టుకునే కొత్త తెల్ల చిటెంగె గుడ్డ ఒకటి తీసింది. మూడు గురువారాలు, మధ్యలో మిగిలిన పొద్దులన్నీ కూర్చుంది. మొదటి గడిలో మొక్కజొన్న పొత్తు, పక్కన ఒక గీత. రెండో గడిలో చిక్కుడుకాయ, రెండు గీతలు. ఏడో గడిలో వెండి దారంతో చేప. తోటివాళ్ళు సూదులు ఆపేసి చూస్తూ ఉండిపోయేవాళ్ళు. సమాజం పెద్దావిడ ఒక్కసారే అడిగింది. “ఇది దేవుడి పనేనా తల్లీ?” లెఫినా దారం కొరికి, “తలుపు వెనక దాచింది బయటికి తీస్తున్నానమ్మా,” అంది. ఆవిడ తన దగ్గరున్న ఎర్రదారం ఉండ ఇచ్చి వెళ్ళింది.

ఎండ కాసిన ఒక మంగళవారం లెఫినా ఆ గుడ్డ చుట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. వెనక మెలియా. ఆ వెనక పదిమంది.

“ఇదేంటి మరదలా, సంతంతా నడుముకి కట్టుకొచ్చావు?”

“సంత కాదు బావా, ఒప్పందం. ముప్ఫై రెండు వరసలు. ఏడోది నా చేప. ఈరోజు బేసిను నింపను. ఆ చిన్న కాగితం ఇయ్యి, నింపుతాను.”

వరసలో నవ్వులు. కసోండె కూడా నవ్వాడు. “గుడ్డ మీద కుట్టిందల్లా చట్టమైతే, నేను నా చొక్కా మీద ప్రెసిడెంటునని కుట్టించుకుంటా!”

“తప్పుంటే చూపించు. ఒక్క వరస తప్పైనా మూటంతా నీదే. ఇంతమంది ముందు చెబుతున్నా.”

మెలియా ఆమె చెయ్యి గిల్లింది. లెఫినా చెయ్యి లాక్కుంది.

మూట మొత్తం! కసోండె కళ్ళు మెరిశాయి. సొరుగు లాగి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, బల్ల మీద పరిచాడు. లేదన్న కాగితాన్ని తన చేత్తో తానే బయటికి తీశానని ఆ క్షణంలో అతనికి తట్టనేలేదు.

“పదకొండు?”

“తేనె.” గుడ్డ మీద సొరకాయ బుర్ర, దాని చుట్టూ తేనెటీగలు.

“పద్నాలుగు?”

“చాపలు.”

“పందొమ్మిది?”

“చిలగడదుంప.”

“ఆఁ! దొరికావు! దుంప పక్కన ఈ నల్లటిదేంటి? ఇది కాగితంలో లేదు!”

“ఉంది బావా. చచ్చిన దోమ. ఎవరో అరచేత్తో కొట్టారు. ఎడమ రెక్క కాగితానికి అంటుకుపోయింది, కుడిది లేదు.”

కసోండె వంగి చూశాడు. పందొమ్మిదో వరస పక్కన దోమ మరక. ఎడమ రెక్క ఉంది. కుడిది లేదు.

అతను నవ్వడం మానేశాడు. వెనక నిలబడ్డవాళ్ళూ మానేశారు. ఆగి ఉన్న సబ్బుల లారీ డ్రైవరు కిందికి దిగి, టోపీ తీసి, ఆ గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇన్నేళ్ళూ తన చేతిలో ఊపిన కాగితం ఎంత పెద్దదో అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. కసోండె వేలు ఇరవై నుంచి ముప్ఫై రెండు దాకా ఒక్కో గడి మీదుగా నెమ్మదిగా వెళ్ళింది. చివరి గడిలో చీపురు. కాగితంలోనూ చీపురే.

“ఎలుకలు తినేవాళ్ళకి ఇంత జ్ఞాపకం ఎక్కడినుంచి వచ్చిందే?” అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు.

“కోతులు తినేవాళ్ళు తలుపు మూయడం నేర్చుకుంటే వస్తుంది బావా.”

అతను చిన్న కాగితం తీశాడు. ఆమె పేరు అడిగి తనే రాశాడు. సరుకు దగ్గర ‘ఎండుచేప’ అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. కాలితో బేసినుని బల్ల లోపలికి తోశాడు. లెఫినా ఆ రోజు మోకాళ్ళు వంచలేదు. మూట ముడి విప్పకుండా గేటు దాటింది. ఆమె వెనక పదకొండు మంది, తలా ఒక ముద్ర వేసిన కాగితంతో, విప్పని మూటలతో.

ఇప్పుడు కపాండ్వేలో ఒప్పందం కుట్టిన చిటెంగెలు పదిహేడున్నాయి. బేసిను కారే కప్పు కింద వాన పట్టుకుంటోంది. నూనె మిల్లు తాళం మాత్రం అలాగే ఉంది. యోబె దారానికి మైనం పూసి ఇస్తూ అరుగు మీదే కూర్చుంటాడు. ఒప్పందం చేసిన దెబ్బ అందరికన్నా ముందు వాళ్ళింటికి చేరింది. మేలు ఒక ఆడమనిషి సూదితో తవ్వుకుంటే గానీ రాలేదు. సరిహద్దు పొడుగునా ఉన్న మిగతా గేట్లలో బేసిన్లు ఇంకా బల్లల కిందే ఉన్నాయి.

చదివిన మీకు ఒక పని చెబుతాను. మార్కెట్ యార్డయినా, చెక్‌పోస్టయినా, రేషన్ ఆఫీసయినా, ఈసారి వెళ్ళినప్పుడు తలుపు ఒకసారి మూసి, దాని వెనక గోడ చూడండి. అక్కడ ఏదైనా రాసి ఉంటే, బయట మూటతో నిలబడ్డ మనిషికి వినిపించేటట్టు, ఆ మనిషి మాటలో, గట్టిగా చదవండి. ఏమీ లేకపోతే, ఎందుకు లేదని రాతపూర్వకంగా అడగండి. చదువు వచ్చిన మనమే నోరు మూసుకుంటే, ఎంతమంది లెఫినాలు ఎన్ని గురువారాలు కుట్టాలి?